ఊరి బడిలో పల్లె బిడ్డ (మహాకవి జాషువ స్మారకోపన్యాసము)



గుఱ్ఱము జాషువ మహాకవి 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించి, 1971 జూలై 24వ తేదీన గుంటూరులో దేహము చాలించెను. ఈ రెండు పట్టణముల నడుమ గల దూరము నేడు బస్సులో రెండు మూడు గంటల ప్రయాణము. కాని వినుకొండ బడిలో తోటివారికి ఎడముగా కూర్చుండవలసి వచ్చిన బాలుడు, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రివంటి గురుమూర్తి స్వయముగా వంగి తన కాలికి గండపెండేరము తొడుగునంతటి కవి యగుటకు పట్టిన దూరము చాల పెద్దది. ఆ కవితను గూర్చి పండితులు ఎందఱో ప్రసంగించియున్నారు. నేను వృత్తిచేత ఉపాధ్యాయుడను గనుక జాషువలో నాకు మొదట కనబడునది బడి. తల్లిది ఒక కులము, తండ్రిది ఒక కులము, ఇంటిది క్రైస్తవ మతము అగుటచేత ఎవరి ప్రక్కను కూర్చుండుటకును తగని వానిగా ఎంచబడిన పిల్లవాడే, పిమ్మట గుంటూరులో లూథరను మిషనువారి పాఠశాలయందు ఎందఱికో పాఠములు చెప్పెను. 1941లో వెలువడిన ‘గబ్బిలము’ కావ్యమున, గుడిలోనికి పోరాని మనుష్యుడు గుడిచూరున వ్రేలాడుటకు అడ్డులేని గబ్బిలమును పరమేశ్వరుని కడకు దూతగా పంపెను. గుడి తలుపును గూర్చి ఆ కావ్యము లేవదీసిన ప్రశ్న మన సాహిత్యమున చిరస్థాయిగా నిలిచియున్నది. నేను నేడు మనవి చేయదలచినది బడి తలుపును గూర్చి.

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో ఏ గ్రామమున కేగినను రెండు గ్రామములు కనబడును: ఊరు, పల్లె. ఊరియందు భూములు గలవారి ఇండ్లు, గుడి, కచ్చేరి సావడి, మంచినీటి చెఱువు. పల్లెయందు మాలల, మాదిగల గుడిసెలు. నడుమ ఒక చేనిగట్టో, ఒక బండిత్రోవయో ఉండును. పత్తి తీయుటకు, మిరపకోతకు, కల్లములో కాయ ఎండబెట్టుటకు, తాలు ఏరుటకు, చచ్చిన పశువును ఈడ్చుటకు, చెప్పులు కుట్టుటకు, జాతరలో డప్పు కొట్టుటకు పల్లె ఊరిలోనికి రావచ్చును, రాకున్న ఊరికి గడువదు. అక్షరములు దిద్దుకొనుటకు మాత్రము రారాదు. ఈ నిషేధమును వ్రాసిన శాసనము ఏదియు లేదు, దాని అవసరమును లేకపోయెను. బడి ఎక్కడ నడచెడిదో చూచిన చాలును. కరణముగారి వీధి అరుగుమీదనో, రామాలయపు మండపమునందో, ఊరి నడుమ సావడిలోనో వీధిబడి నడచెడిది. దొరతనమువారు తాలూకా బోర్డులను ఏర్పఱచి, పంతుళ్ళకు గ్రాంటులిచ్చి, ఈ వీధిబడులలో పెక్కింటిని ప్రభుత్వపు లెక్కలలోనికి తెచ్చుకొన్నప్పుడు బడి పేరు మాఱెను గాని స్థలము మాఱలేదు. మండపములో నడచు బడికి పోవలెనన్న పల్లె పిల్లవాడు గుడి మెట్లెక్కవలెను. అరుగుమీది బడికి పోవలెనన్న నిషిద్ధమైన వీధిలో నడువవలెను. బడి సర్వజనులదని కాగితముమీద ఎంత వ్రాసినను అది నిలిచిన చోటు కొందఱిదై యుండెను.

ఈ సంగతి ప్రభుత్వము ఎఱుగనిది కాదు. 1856లో ధార్వాడలో మహారు అను అస్పృశ్య కులపు బాలుడొకడు సర్కారు పాఠశాలలో ప్రవేశము కోరగా, వాని నొక్కని చేర్చుకొన్నచో తక్కినవారందఱు బడి వదలిపోవుదురను భయముతో అధికారులు నిరాకరించిరి. ఆ వివాదము లండనులోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ల వఱకు పోయెను. సర్కారు విద్యాలయములు సమస్త వర్గములవారికిని ఉద్దేశింపబడినవని 1858లో వారు స్పష్టపఱచిరి. 1882లో నియుక్తమైన హంటరు కమిషను ఆ సూత్రమును మరల చెప్పుచునే, దానిని జాగరూకతతో అమలు జరుపవలెననియు, అభ్యంతరములున్న చోట్ల వేఱు బడులను ప్రోత్సహింపవలెననియు సలహా నిచ్చెను. పిమ్మట 1893 ఫిబ్రవరి 1వ తేదీన మదరాసు ప్రభుత్వము జారీచేసిన 68వ నంబరు ఉత్తర్వు వచ్చినది. పంచములని నాడు పిలువబడిన అస్పృశ్యుల విద్యకు మహాశాసన మని చరిత్రకారులు దానిని కొనియాడుదురు. పల్లె బడులకు అధికముగా గ్రాంటులు, ఉపాధ్యాయ శిక్షణ పొందు పంచమ యువకులకు భృతులు, బడి కట్టుకొనుటకు పోరంబోకు స్థలములు అందు లభించినవి. ఇవి చిన్న మేళ్ళు కావు. అయినను ఆ ఉత్తర్వు సారాంశ మేమన, పల్లెకు వేఱొక బడి నిచ్చుటకు సర్కారు అంగీకరించెను. ఊరి బడిని కదల్చుటకు జంకెను.

అమెరికాలో నీగ్రోలని నాడు పిలువబడిన నల్లవారి చరిత్రతో దీనిని పోల్చి చూచుట మనకు ఉపకరించును. అచ్చట దక్షిణ రాష్ట్రములలో బడులను వేఱుచేసినది చట్టము. వేఱైనను సమానముగా నుండిన చాలునని 1896లో ప్లెస్సీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఆ ఏర్పాటునకు మద్దతు పలికెను. 1954 మే 17వ తేదీన టొపీకా నగరపు బ్రౌను వ్యాజ్యమున, థర్గుడ్ మార్షల్ ప్రభృతుల వాదము వినిన పిమ్మట, ప్రధాన న్యాయమూర్తి వారెను ఏకగ్రీవమైన తీర్పుతో ప్రభుత్వ విద్యయందు ఆ సిద్ధాంతమును త్రోసిపుచ్చెను. అక్కడ విభజనకు ఒక లిఖిత చట్టము ఉండెను, కొట్టివేయుటకు ఆ చట్టము దొరికెను. మన విభజన ఆచారమునందును, స్థలమునందును, నీటి కుండయందును, పంతులుగారి చూపునందును ఉండెను. ఏ న్యాయస్థానము దేనిని కొట్టివేయవలెను? అందుచేతనే మన పోరాటమునకు ఒక తీర్పు లేదు, ఒక తేదీ లేదు. అది ఊరూర, ఒక్కొక్క తల్లి ఒక్కొక్క బిడ్డను వెంటబెట్టుకొని పోయిన ఉదయములలో జరిగినది.

ఆ ఉదయములలో మొదటివి కొన్ని ఒంగోలులో తెల్లవాఱినవి. 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరిన లూథరను మిషనరీ హయ్యరు అప్పటికే బడులు ప్రారంభించియుండెను. ఒంగోలున బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ వేసిన పునాదిపైని పని చేయుటకు 1866లో జాన్ క్లౌ దొర వచ్చెను. ఆయన బడికి మొదట వచ్చినవారు బ్రాహ్మణాది వర్ణముల పిల్లలు. ఆంగ్లభాష నేర్చిన ఉద్యోగములు వచ్చునని వారి పెద్దలు ఆశించిరి. పెద్దకులముల ద్వారమున తన మతము విస్తరించునని క్లౌ దొరయు ఆశించెను. అంతలో తాళ్ళకొండపాడు నుండి తోళ్ళ వ్యాపారి యెఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగ సాధకుడు వచ్చెను. యోగమార్గమున చిరకాలము సాధన చేసినవాడాయన. ఆయన వెంట ఆయన బంధువులును, ఇరుగు పొరుగు పల్లెలవారును వచ్చి చేరగోరిరి. ఊరి పెద్దల మాట స్పష్టముగానే వచ్చినది: వీరిని చేర్చుకొన్నచో మా పిల్లలు రారు. అది బెదిరింపుమాట కాదు, నిర్ణయము. క్లౌ దంపతులు ఆ రాత్రి ఎంత మథనపడిరో దొర తన గ్రంథమున వ్రాసియున్నాడు. దంపతు లిద్దఱును వేఱువేఱుగా బైబిలు తెఱవగా, లోకము చులకన చేసినవారినే దేవుడు ఏర్పఱచుకొనునను పౌలు లేఖలోని భాగమే ఇద్దఱికిని కంటబడినదట. పల్లెవారిని చేర్చుకొనిరి. ఊరి పిల్లలు వెళ్ళిపోయిరి.

ఈ వెళ్ళిపోవుటను గూర్చి మనము తగినంతగా ఆలోచింపలేదని నా దృఢవిశ్వాసము. బడి తలుపు మూసి పల్లె పిల్లవానిని వెలుపల నుంచుట మనకు తెలిసిన అన్యాయము. తలుపు తెఱచినంతనే లోపలివారు మఱొక తలుపున వెడలిపోవుట అంతకంటె సూక్ష్మమైన అన్యాయము. ధార్వాడలో అధికారులు దానికే భయపడిరి, ఒంగోలులో అదియే జరిగినది. వెళ్ళిపోయినవారిని శిక్షించు చట్టము ఏ దేశమునను లేదు. వారు ఎవరిని కొట్టలేదు, ఎవరిని తిట్టలేదు, తమ పిల్లలను తమ ఇంటికి తీసికొనిపోయిరి, అంతియే. కాని ఆ ఖాళీ బల్లల నడుమ కూర్చున్న పల్లె బిడ్డకు బడి మొదట నేర్పిన పాఠము ఏదో మనము ఊహింపవచ్చును.

1876 మొదలు 1878 వఱకు దక్షిణాపథమును పీడించిన ఘోరక్షామమున, క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ భాగము త్రవ్వించు పనిని గుత్తకు తీసికొని వేలమంది పల్లెవారికి కూలి కల్పించెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ తీరమున వెల్లంపల్లివద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సామూహిక మతాంతరీకరణమును గూర్చి భిన్నాభిప్రాయములు ఉండవచ్చును, ఆ చర్చకు ఇది సమయము కాదు. విద్యాచరిత్రకు సంబంధించినంతవఱకు దాని ఫలిత మొక్కటి నిర్వివాదము: ఆ వేలమంది ఉన్న పల్లెలలో బడులు అవసరమైనవి. వేపచెట్టు నీడనో, తాటాకు పాకలోనో, పగలు కూలికి పోయిన పిల్లలకు దీపము వెలుగున రాత్రియో పల్లె బడి ఆరంభమైనది. బోధకుడే పంతులు, ఆయన భార్యకు చదువు వచ్చిన ఆమెయు పంతులమ్మ. ఇసుకలో వ్రేలితో ఓనమాలు, పిమ్మట పలక, పిమ్మట పెద్ద బాలశిక్ష, బైబిలు కథలు. తాతతండ్రులు వేలిముద్ర వేసి అప్పుపత్రములలో చిక్కుకొన్న ఇండ్లలో, పత్రము చదివి ‘ఇందు వడ్డీ ఎక్కువ వ్రాసినారు’ అని చెప్పగల పిల్లవాడొకడు లేచుట ఎంత పెద్ద విప్లవమో ఆ ఇండ్లవారికే తెలియును.

అయినచో వేఱు బడి మంచిదా, ఉమ్మడి బడి మంచిదా? ఈ ప్రశ్న మీద నల్లవారి మేధావులలోను తీవ్రమైన వాదము నడచినది. వేఱు బడికై తానెన్నడును ఉబలాటపడని డబ్ల్యూ. ఇ. బి. డూబోయిస్, 1935లో ఒక ప్రసిద్ధ వ్యాసమున, తన బిడ్డను అవమానించు ఉమ్మడి బడికంటె తన బిడ్డను ప్రేమించు పంతులున్న వేఱు బడియే మేలని వాదించెను. మన పల్లె బడులను చూచినవాడు ఆ వాదమును తేలికగా త్రోసివేయజాలడు. జాషువవంటివాడు గురువై నిలిచిన తరగతిలో కూర్చున్న బాలునికి లభించిన ధైర్యము, ఊరి బడి చూరుక్రింద నిలుచున్న బాలునికి లభించునా? కాని వేఱు బడికి ఒక మూల్యము గలదు, దానిని చెల్లించినవారు పల్లెవారే. పల్లెలో మిషను బడి వెలసిన పిమ్మటను, 1920 తరువాత లేబరు కమిషనరు శాఖవారు స్థాపించిన లేబరు బడి వెలసిన పిమ్మటను, ఊరి బడివారికి ఒక సులభమైన సమాధానము దొరికెను: ‘మీకు మీ బడి ఉన్నది కదా!’ ప్రాథమిక తరగతులు ముగిసినంతనే పల్లె బడి ముగిసెడిది. పై తరగతు లుండునది ఊరిలో, హైస్కూలు పట్టణములో. ఎనిమిదేండ్ల వయస్సున తప్పించుకొన్న అవమానము పండ్రెండవ యేట ఎదురుచూచుచు నిలిచియుండెడిది. నా మట్టుకు నాకు డూబోయిస్ వేదన అర్థమగుచున్నది. అయినను, వేఱు బడి నిచ్చెన మాత్రమే కాగలదు, ఇల్లు కాజాలదు.

ఇరువదవ శతాబ్దపు ఆరంభమున పల్లె తన మాట తానే పలుకసాగెను. 1917 నవంబరులో బెజవాడలో గూడూరు రామచంద్రరావు ప్రభృతులు ఏర్పాటుచేసిన సభకు హైదరాబాదునుండి వచ్చిన భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించెను. పంచములన్న పేరును త్రోసివేసి, ఆది ఆంధ్రులమని ఆ సభ ప్రకటించుకొనెను. ఈ దేశమునకు మేము మొదటివారమని చెప్పుకొన్నవారు ఊరి బడి మెట్టును ఎక్కుటకు అనుజ్ఞ వేడుకొనరు, హక్కుగా అడుగుదురు. 1922లో మదరాసు శాసనసభ ఆ పేరును గౌరవించెను. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ ప్రతిపాదించిన తీర్మానముచేత రాజమార్గములు, బావులు, ప్రభుత్వ స్థలములు ఎల్లరకు తెఱవబడినవి. త్రోవ లేనిదే బడి లేదు గనుక దీనిని నేను విద్యాచరిత్రలోని ఘట్టముగానే ఎంచుచున్నాను. మన జిల్లావారే యైన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు కారాగారమున వ్రాసిన ‘మాలపల్లి’ నవల 1922లో వెలువడి, ప్రభుత్వ నిషేధమునకు గుఱియైనను, రహస్యముగా చేతులు మాఱి చదువబడెను. నిడుబ్రోలు వాస్తవ్యుడైన ఆచార్య రంగా 1923లో తమ యింటి బావిని హరిజనులకు తెఱచెను. ఊరివారిలోను కొందఱు ఉత్తములు ఇట్లు కదలిరి. వారి నామములను స్మరించుట మన విధి; కాని బడి మెట్టుమీద మొదట అడుగు పెట్టిన పిల్లల నామములు ఎక్కడను లేవు.

అట్టివారిలో ఒకరిని నేను ఎఱుగుదును. పర్చూరు ప్రాంతమున పుట్టి, ఉపాధ్యాయుడై, వృద్ధుడై మరణించిన ఆయన, తాను స్వాతంత్ర్యమునకు ముందు ఊరి బడిలో చేరిన నాటి ముచ్చటలను నాకు చెప్పెడివారు. బడి పెంకుటింటి వసారాలో నడచెడిది. ఆయనకు వసారా చివర, వాననీరు పడు అంచున చోటిచ్చిరి. లెక్క చేసిన పిమ్మట పలకను నేలమీద పెట్టి ముందుకు జరుపవలెను. పంతులుగారు బెత్తముతో దానిని దగ్గఱకు లాగికొని, వంగి చూచి, తప్పైన బెత్తపు కొనతో ఆ అంకెను చూపి, మరల బెత్తముతోనే వెనుకకు నెట్టెడివారు. తక్కిన పిల్లల పలకలను చేతిలోకి తీసికొని, దిద్ది, వెన్ను తట్టి ఇచ్చెడివారు. దాహమైనచో ఎవరైన దయదలచి దోసిట నీరు పోయువఱకు వేచియుండవలెను. ఒకనాడు బడుల ఇనస్పెక్టరు వచ్చి ఎక్కములు అడుగగా, పదునాఱవ ఎక్కము తడుముకొనక చెప్పినవాడు ఆ అంచున కూర్చున్న పిల్లవాడొక్కడే. ఇనస్పెక్టరు ఆయనను లోపలికి పిలిచి ముందు వరుసలో కూర్చుండబెట్టెను. ఇనస్పెక్టరు బండి ఊరు దాటినంతనే ఆయన మరల అంచునకు పోయెను. ఈ కథ చెప్పునప్పుడు ఆయన కంఠమున కోప ముండెడిది కాదు. కాని ‘ఆ ఒక్క పూట లోపలినుండి నల్లబల్ల ఎంత దగ్గఱగా కనబడినదో!’ అని ప్రతిసారియు అనెడివారు. ఉపాధ్యాయుడైన పిమ్మట ఆయన తన తరగతిలో ప్రతి పిల్లవాని పలకను చేతిలోకి తీసికొనియే దిద్దిరి.

1950లో మన రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. పదునేడవ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. ఇరువదితొమ్మిదవ అధికరణము ప్రభుత్వ ధనము పొందు ఏ విద్యాసంస్థయు కేవలము మతము, జాతి, కులము, భాష అను కారణములచే ఏ పౌరునికిని ప్రవేశము నిరాకరింపరాదని శాసించెను. నిరాకరించినవానికి ఆఱు నెలల వఱకు కారాగారమో, ఐదువందల రూపాయల వఱకు జరిమానయో, రెండునో విధించు అస్పృశ్యతా నేరముల చట్టము 1955 జూన్ 1వ తేదీన అమలులోనికి వచ్చెను. దానికి ముందునాడే, అనగా 1955 మే 31వ తేదీన, అమెరికా సుప్రీముకోర్టు బ్రౌను వ్యాజ్యమున రెండవ తీర్పు నిచ్చుచు, బడులను కలుపు పనిని ఆలోచనతో కూడిన త్వరతో సాగింపవలెనని చెప్పెను. భూగోళపు రెండు వైపుల రెండు ప్రజాస్వామ్యములు వరుస దినములలో ఒకే ఋణమును అంగీకరించినవి. తీర్చుట మాత్రము రెండు చోట్లను వాయిదాలమీద వాయిదాలుగా సాగినది.

అమెరికాలో ఆ వాయిదా లెట్లుండెనో చూడుడు. 1957లో లిటిల్ రాక్ పట్టణపు హైస్కూలులో తొమ్మండుగురు నల్లపిల్లలను ప్రవేశపెట్టుటకు అధ్యక్షుడు ఐసెన్‌హోవరు సైన్యమును పంపవలసి వచ్చెను. 1960 నవంబరు 14వ తేదీన న్యూ ఆర్లియన్సులో రూబీ బ్రిడ్జెస్ అను ఆఱేండ్ల బాలిక ప్రభుత్వ భటుల కాపలాతో ఒక తెల్లవారి బడిలో అడుగిడగా, తెల్లవారు తమ పిల్లలను ఇండ్లకు తీసికొనిపోయిరి. ఆ యేడాది పొడుగునను ఆ బాలిక, బార్బరా హెన్రీ అను ఒక్క ఉపాధ్యాయినితో, ఒక్కతెయే తరగతి గదిలో చదువుకొనెను. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీవారు ఇంకొక అడుగు ముందుకు వేసిరి. పిల్లలను కలిపి కూర్చుండబెట్టుటకంటె బడులే లేకుండుట మేలని 1959లో ప్రభుత్వ పాఠశాలలన్నింటిని మూసివేసి, తెల్లపిల్లలకు ప్రైవేటు అకాడమీ నెలకొల్పుకొనిరి. 1964 వఱకు ఐదేండ్లు అక్కడి నల్లపిల్లలకు ప్రభుత్వ బడియే లేదు. ఒంగోలులో ఎప్పుడో జరిగిన ఆ వెళ్ళిపోవుటయే, సముద్రముల కావల, సుమారు నూఱేండ్ల పిమ్మట, సర్వసన్నాహములతో జరిగినది.

మన సీమలో స్వాతంత్ర్యము తరువాత పల్లె బిడ్డను పై చదువులకు చేర్చినది హాస్టలు. పుస్తకములు, భృతి, అన్నింటికి మించి రాత్రి చదువుకొనుటకు దీపము, పగలు కూలికి పిలువని చోటు అక్కడ లభించినవి. 1972లో మన తాడికొండలో నెలకొన్న గురుకుల పాఠశాలయు, పిమ్మట వచ్చిన సాంఘిక సంక్షేమ గురుకులములును మఱికొన్ని మెట్లు. ఆ మెట్లెక్కినవారు ఉపాధ్యాయులైరి, వైద్యులైరి, అధికారులైరి. అంతట ఊరికిని పల్లెకును నడుమ కొత్త ఘర్షణ పుట్టినది. 1985 జూలై 17వ తేదీన కారంచేడులో మంచినీటి చెఱువుకడ రేగిన వివాదము ఆర్గురు మాదిగల హత్యకు దారితీసెను. 1991లో చుండూరున సినిమాహాలులో ఒక దళిత విద్యార్థి కాలు ముందు కూర్చున్నవానికి తగిలెనను నెపమున పుట్టిన పగ, ఆగస్టు 6వ తేదీన ఎనమండుగురు దళితుల ప్రాణములను బలిగొనెను. చదువుకొన్న పల్లె యువకుడు తల వంచుకొని నడువడు. ఆ తల ఎత్తుటను ఊరిలో కొందఱు సహింపలేకపోయిరి. చదువు పల్లెకు చేరెను, ఊరి మనస్సునకు ఇంకను చేరవలసియుండెను. ఈ మాట చెప్పుటకు నాకు దుఃఖముగా నున్నది, కాని చెప్పకుండుట జాషువ సభలో అపచారము.

ఇక నేటి స్థితి. ఏ ఉదయమైనను ఎనిమిది గంటల వేళ మన గ్రామములలో దేనిలోనైన నిలిచి చూడుడు. పసుపుపచ్చని బస్సులు వచ్చి, టై కట్టుకొన్న పిల్లలను ఎక్కించుకొని, చిలకలూరిపేటకో, నరసరావుపేటకో, ఒంగోలునకో కాన్వెంటులకు పోవును. ఊరి నడుమ, ఒకప్పుడు పల్లె బిడ్డను చూరుక్రింద నిలిపిన ఆ బోర్డు బడియే, నేడు మంచి భవనము, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, ఉచిత పుస్తకములు, ఉచిత భోజనము కలిగియుండియు, పెక్కు గ్రామములలో పల్లె పిల్లలకును, ఊరిలోని నిరుపేదల పిల్లలకును మాత్రమే మిగిలినది. బస్సు ఎక్కించు తండ్రులెవరును కులము పేరు చెప్పరు. ఇంగ్లీషు మీడియము అందురు, ర్యాంకులు అందురు. వారి మాటలలో నిజము లేదనను. ప్రైవేటు బడికి రూకలు కట్టు పల్లె తండ్రులును నేడు కలరు. కాని ఫలితమును చూడుడు. తలుపు తెఱచుకొనుటకు నూఱేండ్లు పట్టిన బడిలో, పల్లె బిడ్డ ముందు వరుసలో కూర్చున్న నాటికి, ప్రక్కన కూర్చుండవలసినవాడు లేడు. ప్రైవేటు పాఠశాలలు తమ మొదటి తరగతిలో నాలుగవ వంతు స్థానములను బలహీన వర్గముల బిడ్డల కీయవలెనను విద్యాహక్కు చట్టపు నిబంధన 2010 ఏప్రిల్ 1నుండి అమలులో నున్నను, మన రాష్ట్రమున అది ఆచరణకు వచ్చుటకు దశాబ్దమునకు మించి పట్టినది.

ప్రత్తి, మిరప పండించు ఈ నేలకు సంబంధించిన మఱొక వెలి యున్నది. జనవరి మొదలు ఏప్రిలు వఱకు మిరపకోతల కాలము. కర్నూలు సీమనుండి కుటుంబములకు కుటుంబములే మూటాముల్లెలతో మన చేలలోనికి వలస వచ్చును, వెంట పిల్లలు. వారి పేర్లు తమ ఊరి బడి హాజరుపట్టీలో నుండును, వారు మాత్రము ఇక్కడ చేని గట్టున పరదా పట్టాల గుడారములలో నుందురు. తాలు ఏరిన చేతులతో కన్ను నులుముకొని ఏడ్చు పసిపిల్లను మీరును చూచియుందురు. ఆ చేతి మంట ఎన్ని కడుగుళ్ళకును వెంటనే పోదు. ఆ వ్రేళ్ళతో మఱునాడు బలపము పట్టించుట ఎంత కష్టమో నేను ఎఱుగుదును. కాయ ఎఱుపు చూచి గుంటూరు మిరప యార్డులో ధర కట్టువారు ఆ బస్తాలలో ఎన్ని బడిదినములు కూరబడినవో లెక్కింపరు. ఇట్టి పిల్లలకై సీజనల్ హాస్టళ్ళను ప్రభుత్వము నడపుచున్నది. అది మంచి పని. అయినను వలస వచ్చిన ఊరి బడియే ఆ నాలుగు నెలలు ఆ పిల్లను తన పిల్లగా కూర్చుండబెట్టుకొనిన, అంతకంటె మంచిపని వేఱుండదు.

అది మనకు చేతగానిది కాదు. పలనాటి బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక ఎల్లరను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెననియు, మాల కన్నమదాసును కుమారునిగా స్వీకరించి సేనాపతిని చేసెననియు మన వీరగాథలు ఎనిమిది శతాబ్దములుగా గానము చేయుచున్నవి. జాషువ పుట్టిన వినుకొండ ఆ పలనాటి అంచుననే యున్నది. 2003లో మన రాష్ట్రమున ఆరంభమైన మధ్యాహ్న భోజనము బడి వరండాలో ప్రతిదినము జరుగు చాపకూడు. వంట చేసిన తల్లి పల్లెదని తెలిసి అన్నము ముట్టని ఇండ్లు కొన్ని ఉండెను, ఇప్పటికిని లేవని నేను చెప్పజాలను. కాని ఆకలిగొన్న పిల్లలు తమంత తాముగా ఆ భేదమును మఱచిన వరండాలను నా కన్నులార చూచితిని. ఇంటికి పోయిన పిమ్మట పెద్దలు మరల జ్ఞాపకము చేయకున్న చాలును.

ముగింపునకు ముందు ఒక అభ్యర్థన. ప్రతి పాత ప్రాథమిక పాఠశాలలోను ప్రవేశపు రిజిస్టరు ఉండును: పిల్లవాని పేరు, తండ్రి పేరు, కులము, చేరిన తేదీ, బడి విడిచిన తేదీ, విడిచిన కారణము. మన బడుల నిజమైన చరిత్ర ఆ గళ్ళలో నున్నది. ఏ సంవత్సరమున ఏ గ్రామపు బడిలో మొదటి పల్లె బిడ్డ చేరెనో అందు తెలియును. ఆ బిడ్డ ఎన్ని నెలలకు కూలికి పోయెనో తెలియును. ఆ బిడ్డ చేరిన వారములోనే ఎవరెవరు బడి విడిచిరో కూడ, వెదకినవారికి తెలియును. బడులను విలీనము చేయునప్పుడు, పాత భవనములు కూల్చునప్పుడు ఈ రిజిస్టర్లు చెదలపాలగుచున్నవి, చిత్తుకాగితముల బండ్లకెక్కుచున్నవి. ఈ సభలో ఉపాధ్యాయులు, విద్యాధికారులు, చరిత్ర పరిశోధన చేయు విద్యార్థులు కలరు. ఒక్కొక్కరు ఒక్కొక్క మండలమును తీసికొని, ప్రధానోపాధ్యాయుల అనుమతితో, 1960కి పూర్వపు రిజిస్టర్లను పుటపుటగా ఛాయాచిత్రములు తీసి గ్రంథాలయములలో భద్రపఱచిన చాలును. వినుకొండ, పర్చూరు, అద్దంకి, ప్రత్తిపాడు మండలములతో మొదలుపెట్టవచ్చును. జూన్ నెలలో బడులు తెఱచుటకు ముందే ఈ పని ఆరంభింపుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.